చందా పంపే ముందు ఒక ఉత్తరం

గౌరవనీయులైన కరస్పాండెంట్ గారికి, ప్రిన్సిపాల్ గారికి, పాలకవర్గ సభ్యులందరికీ వందనాలు.

పోయిన నెల మన పూర్వ విద్యార్థుల వాట్సాప్ గ్రూపులో మీరు పెట్టించిన మెసేజ్ చూశాను. కాలేజీలో ఎఫ్‌ఎం స్టేషన్ పెడుతున్నాం, విదేశాల్లో ఉన్నవాళ్లు పెద్ద మనసు చేసుకోవాలి అని. కింద అకౌంటు నంబరు, దాని కింద దణ్ణం పెట్టే బొమ్మలు మూడు. పది నిమిషాల్లో ఇరవై మంది 'ఆమెన్' కొట్టారు. ఒక్కరూ ఒక్క ప్రశ్న అడగలేదు. నేనూ అడగలేదు. అడిగితే 'డబ్బులు తియ్యడానికి వీడికి చేతులు రావట్లేదు' అనుకుంటారని భయం. ఆ మాట పడటానికి సిద్ధపడి ఇప్పుడు పదిమందీ చదివేలా రాస్తున్నాను.

కాలేజీ పేరు ఎక్కడా రాయడం లేదు. మీకు తెలుసు, మనవాళ్లకీ తెలుసు. తక్కినవాళ్లకి అవసరం లేదు.

నేను 2000లో ఉద్యోగం మీద అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్రానికి వచ్చాను. మినియాపొలిస్ పక్కనే కాపురం. మంచు, చీకటి, సెకండ్‌హ్యాండ్ కరోలా. ఆ కారు రేడియోలో ఒక ఆదివారం పొద్దున ముల్లు తిప్పుతుంటే 89.3 దగ్గర కోయిర్ పాట తగిలింది. వాయిద్యాలేవీ లేవు, గొంతులే. పాట అయ్యాక ఒకాయన నిదానంగా, పక్క సీట్లో కూర్చుని మాట్లాడుతున్నట్టు, ఆ రోజు బైబిల్ పాఠం గురించి రెండు ముక్కలు చెప్పి మళ్లీ పాట వేశాడు. స్టేషన్ పేరు డబ్ల్యూసీఏఎల్. అక్కడికి అరవై డెబ్బై కిలోమీటర్ల దూరంలో, నార్త్‌ఫీల్డ్ అనే చిన్న ఊళ్లో ఉన్న సెయింట్ ఓలఫ్ కాలేజీ వాళ్లది. లూథరన్ కాలేజీ. నార్వే నుంచి వలస వచ్చిన రైతులు, పాస్టర్లు కలిసి 1874లో పెట్టుకున్నది.

2003 చలికాలంలో మా బాబు పుట్టినప్పుడు అమ్మ వచ్చింది. ఆస్పత్రి నుంచి ఇంటికి వస్తుంటే ఆ స్టేషన్లో ఒక పాత కీర్తన వస్తోంది. వెనక సీట్లో పసివాడి బేబీ సీటు మీద ఒక చెయ్యి వేసి కూర్చున్న అమ్మ ఉన్నట్టుండి తెలుగులో అందుకుంది. రెండు చరణాలు పాడి, "ఇది మన గుడి పాటేరా, వీళ్లకెలా తెలిసింది?" అంది. వాళ్ల నుంచే మనకొచ్చిందమ్మా అన్నాను. ఇంకో సంగతి కూడా చెప్పాను. 1842లో గుంటూరు వచ్చి మన లూథరన్ మిషన్ మొదలుపెట్టిన ఫాదర్ హయ్యర్, 1857లో మన దేశం నుంచి వెళ్లాక చేరింది ఈ మిన్నెసోటాకే. ఇక్కడ ఊరూరా తిరిగి సంఘాలు కట్టి, డెబ్బై ఆరేళ్ల వయసులో మళ్లీ ఓడెక్కి రాజమండ్రి వచ్చాడు. అమ్మ కాసేపు కిటికీలోంచి మంచు చూసి, "అయితే మన ఊరే" అంది.

2004 నవంబర్‌లో ఆ గొంతులు ఆగిపోయాయి. 2005 జనవరిలో అదే 89.3 మీద కొత్త స్టేషన్ మొదలైంది, రాక్ పాటలు, కుర్రకారు పాటలు. పేరు 'ది కరెంట్'. మన దగ్గర కరెంట్ పోతే రేడియో ఆగుతుంది, నాకేమో కరెంట్ వచ్చి ఆగింది. అది చెడ్డ స్టేషన్ అని నేననను. మా అబ్బాయి దాన్ని వింటూనే పెరిగాడు, దాని మీద ఒక్క మాట పడనివ్వడు.

అయినా పోయిన స్టేషన్ కథ మీకు చెప్పాలి. మీరు మొదలుపెట్టబోయేది కూడా అలాంటిదే కాబట్టి.

సెయింట్ ఓలఫ్‌లో రేడియో 1918లో భౌతికశాస్త్ర విభాగంలో పుట్టింది. ఒక ప్రొఫెసర్, ఓ నలుగురైదుగురు విద్యార్థులు. అప్పటికి రేడియో అంటే పాటలు వినే పెట్టె అని ఎవరికీ తెలియదు. తీగ లేకుండా మాట పంపొచ్చా అన్నదే ప్రశ్న. ఆ తొలి రోజుల్లో పనిచేసిన హెక్టర్ స్కిఫ్టర్ అనే ఆయన తర్వాత పేరున్న ఇంజినీర్ అయ్యాడు, కాలేజీలో ఒక భవనానికి ఆయన పేరే పెట్టారు. 1922లో లైసెన్స్ వచ్చింది. కొండ మీద కాలేజీ కదా, గాలిలోకి మాట విసరడానికి అంతకన్నా మంచి చోటు లేదు. గుడి ఆరాధనలు, కాలేజీ కోయిర్ పాటలు, ప్రొఫెసర్ల ప్రసంగాలు చుట్టుపక్కల పల్లెలకి వెళ్లేవి. సెయింట్ ఓలఫ్ కోయిర్ అంటే అమెరికాలో ఇప్పటికీ ఒక పేరు. 1912 నుంచి వాళ్లు చేస్తున్న క్రిస్మస్ సంగీతోత్సవం టికెట్లు దొరకవు. టికెట్ దొరకనివాళ్లకి, దొరికినా మంచులో రాలేనివాళ్లకి రేడియోయే దిక్కు.

ఇక్కడ డబ్బు సంగతి చూడండి. స్టేషన్ మొదలైన కొద్ది ఏళ్లకే కాలేజీ దగ్గర నడిపే స్థోమత లేకపోయింది. అప్పుడు వాళ్లు రేడియోలోనే అడిగారు: వింటున్నవాళ్లు తలా కాస్త పంపండి, లేకపోతే నడపలేం అని. జనం పంపారు. శ్రోతల చందాలతో నడిచిన తొలి స్టేషన్‌గా అమెరికాలో డబ్ల్యూసీఏఎల్‌కి పేరు. ఇప్పుడు అక్కడి పబ్లిక్ రేడియో, అంటే లాభం కోసం కాకుండా జనం కోసం నడిచే స్టేషన్లు, ఎక్కువగా ఆధారపడేది ఈ పద్ధతి మీదే. ఏడాదికి రెండు మూడు సార్లు పాటలు ఆపి మరీ అడుగుతారు, విసుగొస్తుంది, అయినా ఇస్తాం.

ఈ పద్ధతి మనకి కొత్తేం కాదు. మా ఇంట్లో పిడికెడు బియ్యం కుండ ఉండేది, మీ ఇళ్లలోనూ ఉండే ఉంటుంది. అన్నానికి ఎసరు పెట్టేటప్పుడు అమ్మ గుప్పెడు బియ్యం తీసి ఆ కుండలో వేసేది, ఆదివారం గుడికి పట్టుకెళ్లేది. అలా గుప్పెళ్లతో కట్టిన గుళ్లు మన జిల్లాలో ఎన్ని లేవు? అలాంటి గుడిని పాస్టరు గారు ఒక్కరే కూర్చుని అమ్మేస్తానంటే సంఘం ఊరుకుంటుందా?

నార్త్‌ఫీల్డ్‌లో జరిగింది దాదాపు అదే. మధ్యలో ఎనభై ఏళ్లు స్టేషన్ బాగానే పెరిగింది. మొదట ఏఎం, తర్వాత్తర్వాత 770 మీద. ఆ 770ని కూడా మిన్నెసోటా విశ్వవిద్యాలయం స్టేషన్‌తో పంచుకునేవారు, కొన్ని గంటలు వీళ్లు, కొన్ని గంటలు వాళ్లు, ఒకే బావిలో రెండు వీధులవాళ్లు నీళ్లు తోడుకున్నట్టు. 1960ల చివర ఎఫ్‌ఎం వచ్చింది. 1971లో దేశవ్యాప్త పబ్లిక్ రేడియో సంస్థ ఎన్‌పీఆర్ ప్రసారాలు మొదలుపెట్టినప్పుడు దాని వ్యవస్థాపక సభ్యుల్లో డబ్ల్యూసీఏఎల్ ఒకటి. శాస్త్రీయ సంగీతం, వార్తలు, ఆదివారం ఆరాధన. మినియాపొలిస్, సెయింట్ పాల్ జంట నగరాలంతటా వినిపించేది.

జంట నగరాల్లో వినిపించడమే దాని మెడకి చుట్టుకుంది. అమెరికాలో ఎఫ్‌ఎం డయల్ మీద 88 నుంచి 92 దాకా చదువు, సేవ కోసం నడిచే స్టేషన్లకి కేటాయించారు, వ్యాపార స్టేషన్లకి చోటు లేదు. పెద్ద నగరాల్లో ఆ ముక్క ఎప్పుడో నిండిపోయింది. కొత్తగా ఎవరైనా రావాలంటే ఉన్నవాళ్ల దగ్గర కొనుక్కోవాల్సిందే. ఊరి చివర పొలం కొన్న రైతుకి పక్కన రింగ్ రోడ్డు పడితే ఏమవుతుందో కాలేజీకీ అదే అయింది. మైకులు, రికార్డులు, మనుషులు ఇవేవీ కాదు, గాలిలో ఆ చోటే కోట్లయి కూర్చుంది. 2004లో మిన్నెసోటా పబ్లిక్ రేడియో అనే సంస్థ కోటీ అయిదు లక్షల డాలర్లకి కొంది. అప్పటి రేటున మన డబ్బుల్లో నలభై ఏడు, నలభై ఎనిమిది కోట్లు.

కాలేజీ పెద్దల వాదన నాకు అర్థం కాకపోలేదు. మా పని చదువు చెప్పడం, రేడియో నడపడం కాదు, ఈ డబ్బు మూలధనంలో వేస్తే పిల్లల చదువుకి పనికొస్తుంది అన్నారు. మీరైనా అదే అంటారు. ఆ కుర్చీలో కూర్చుంటే నేనూ అదే అంటానేమో. కానీ ఎనభై ఏళ్లు చందాలిచ్చినవాళ్లని పిలిచి, ఇలా అనుకుంటున్నాం, మీరేమంటారు అని అడగలేదు. అమ్మకం ఖాయమయ్యాక చెప్పారు. నాకు మింగుడుపడనిది అదే.

శ్రోతల్లో కొందరు 'సేవ్ డబ్ల్యూసీఏఎల్' అని సంఘం పెట్టుకుని కోర్టుకెక్కారు. వాళ్ల వాదన సూటిగా ఉంది: ఇది కాలేజీ సొంత ఆస్తి కాదు, జనం ఒక పని కోసం ఇచ్చిన డబ్బుతో నిలిచిన ధర్మనిధి, కాలేజీ దానికి ధర్మకర్త మాత్రమే అని. ఏళ్లు నడిచింది. చివరికి రైస్ కౌంటీ జిల్లా కోర్టు జడ్జి ఆ మాట నిజమేనన్నారు, అమ్మే ముందు కోర్టు అనుమతి తీసుకోవాల్సిందన్నారు. కానీ అమ్మకం మాత్రం రద్దు కాలేదు. అప్పటికి 'ది కరెంట్' ఊరంతా పాకిపోయింది. న్యాయం తేలేలోపు నది దారి మార్చుకుంది.

ఇక ఈ కథలో నాకు అన్నిటికన్నా వింతగా అనిపించేది కొన్నవాళ్ల పుట్టుక. మిన్నెసోటా పబ్లిక్ రేడియో కూడా ఒక చిన్న క్రైస్తవ కాలేజీ స్టేషన్‌గానే పుట్టింది! కాలేజ్‌విల్ అనే చోట బెనెడిక్టిన్ సన్యాసులు నడిపే సెయింట్ జాన్స్ విశ్వవిద్యాలయం ఉంది, కాథలిక్కులది. 1967 జనవరిలో అక్కడ కేఎస్‌జేఆర్ అనే ఎఫ్‌ఎం స్టేషన్ మొదలైంది. ఆ కాలేజీలోనే చదువుకున్న విలియం క్లింగ్ అనే యువకుడి చేతిలో పెట్టారు. రెండేళ్లలోపే సన్యాసులకి తెలిసొచ్చింది, ఇది మనం మోయగలిగే బరువు కాదని. వాళ్లు అమ్మలేదు, మూసెయ్యలేదు. 1969లో లాభాపేక్ష లేని వేరే సంస్థ ఏర్పడితే స్టేషన్‌ని దానికి అప్పగించేశారు. ఆ బుడ్డ స్టేషనే ఇవాళ నలభైకి పైగా స్టేషన్ల సంస్థ అయింది. ముప్పై అయిదేళ్ల తర్వాత వచ్చి లూథరన్ల స్టేషన్‌ని కొనుక్కుంది.

రెండూ కాలేజీలే, రెండూ మిషన్లే, రెంటికీ రేడియో బరువే అయింది. ఒకరు బరువు అనిపించగానే దాన్ని మోసే మనుషుల్ని వెతికారు. ఇంకొకరు అది ధర పలికేదాకా మోసి, ధర పలికాక దించుకున్నారు. కాథలిక్కులు మనకన్నా తెలివైనవాళ్లని నేను రాశానని మన బిషప్ గారికి మాత్రం చెప్పకండి.

ఇప్పుడు మన సంగతికి వస్తాను.

మీరు పెట్టబోయే స్టేషన్‌ని ఎవరూ కోట్లకి కొనరు, ఆ భయం లేదు. మన దేశంలో ఇలాంటి చిన్న స్టేషన్లని కమ్యూనిటీ రేడియో అంటారు. అవి పెట్టుకోవడానికి విద్యాసంస్థలకి 2002 చివర అనుమతి ఇచ్చారు, 2004 ఫిబ్రవరిలో చెన్నై అన్నా విశ్వవిద్యాలయంలో మొదటి స్టేషన్ వచ్చింది. 2006లో స్వచ్ఛంద సంస్థలకీ దారి తెరిచారు. 2008లో జహీరాబాద్ దగ్గర మాచునూరులో పల్లె మహిళల సంఘం రేడియో మొదలైంది. ఈ అనుమతి ఇంకొకరికి బదిలీ చెయ్యకూడదని నిబంధనల్లోనే ఉంది. గాలిలోకి వెళ్లే శక్తికి మామూలుగా వంద వాట్లే హద్దు, పది కిలోమీటర్లు దాటితే గొప్ప. సొంతంగా వార్తలు చదవకూడదు, ఆకాశవాణివే వెయ్యాలి. కనీసం సగం కార్యక్రమాలు చుట్టుపక్కల జనం పాలుపంచుకుని చేసినవై ఉండాలి.

మన దగ్గర ప్రమాదం అమ్మకం కాదు, తాళం.

తాళం గురించి ఎందుకంటున్నానో మీకు తెలుసు. పన్నెండేళ్ల కిందట లాంగ్వేజ్ ల్యాబ్ కోసం అడిగారు, మా బ్యాచ్ వాళ్లం పంపాం. ప్రారంభోత్సవం ఫొటోలు కూడా వచ్చాయి, రిబ్బను, శాలువాలు, అన్నీ. నాలుగేళ్ల తర్వాత నేను ఊరొచ్చినప్పుడు చూడాలనిపించి అడిగితే తాళంచెవి కోసం అరగంట వెతికారు. అటెండరు తలుపు తీశాడు. ముప్పై కుర్చీలు, ముప్పై హెడ్‌ఫోన్లు, ఒక్కోదానికి కంపెనీ వాడు తొడిగిన ప్లాస్టిక్ కవరు తొడిగినట్టే ఉంది. ఒకదాని మీద బల్లి గుడ్డు పెంకులు. "మేడమ్ గారు ట్రాన్స్‌ఫర్ అయ్యారండి, అప్పట్నుంచి ఇంతే" అన్నాడు అటెండరు. ఆయన తప్పేముంది? నిజానికి ఎవరి తప్పూ కనపడదు, అదే చిక్కు. యంత్రాలకి డబ్బు దొరికింది, మేడమ్ గారి తర్వాత ఎవరు అన్నది ఎక్కడా రాసుకోలేదు.

కాబట్టి ఈసారి రాసుకోండి. పాలకవర్గం మీటింగులో తీర్మానం చెయ్యండి: స్టేషన్‌కి వేరే అకౌంటు, ఏడాదికోసారి జమాఖర్చులు గ్రూపులో పెట్టడం, మూసెయ్యాలన్నా నెలరోజులకి మించి ఆపాలన్నా చందాదారుల్నీ శ్రోతల్నీ పిలిచి మాట్లాడటం. పిలిచాక మీ నిర్ణయం మీదే, నేను కాదనను. కానీ పిలవాలి. కొత్త కరస్పాండెంట్ వస్తే మారిపోకుండా ఉండాలంటే అది కాగితం మీద ఉండాలి. రేపు ఈ కాలేజీ ఆస్తుల మీద మళ్లీ కోర్టు గొడవలు రావని ఎవరు హామీ ఇస్తారు? మన మిషన్ చరిత్ర మీకు నేను చెప్పాలా?

రెండోది, మెసేజ్‌లో ట్రాన్స్‌మిటర్‌కి ఇంత, టవర్‌కి ఇంత అని రాశారు గానీ నెలనెలా ఖర్చు ఊసే లేదు. కరెంటు బిల్లు, యూపీఎస్ బ్యాటరీలు, జీతానికి ఒక మనిషి, పిడుగు పడితే రిపేరు. సెయింట్ ఓలఫ్ వాళ్లని మొదటి రోజుల్లో చందా అడిగేలా చేసింది యంత్రాల ధర కాదు, నడిపే ఖర్చే. మా దగ్గర ఒకేసారి లక్ష అడిగే బదులు నెలకి వెయ్యి చొప్పున అడగండి. ఇచ్చేవాళ్లం కూడా అప్పుడే, ఈ నెల స్టేషన్ నడుస్తోందా అని కనుక్కుంటూ ఉంటాం. మీకు కాస్త చిరాకే, ఒప్పుకుంటాను.

మూడోది చెప్పడానికి కొంచెం మొహమాటంగా ఉంది. స్టేషన్‌ని కాలేజీ మైకు సెట్ చెయ్యకండి. యాజమాన్యం పుట్టినరోజు శుభాకాంక్షలు, అడ్మిషన్ల ప్రకటనలు, పొద్దున్నుంచి సాయంత్రం దాకా ప్రసంగాలు పెడితే వారం తిరక్కుండా జనం ముల్లు తిప్పేస్తారు. ఆ పది కిలోమీటర్లలో ఎవరున్నారో ఒకసారి గుర్తు చేసుకోండి. బస్టాండ్ పక్క టీ కొట్టు, మిరప కల్లాలు, మసీదు వీధి, టైలరింగ్ చేసుకునే ఆడవాళ్లు. కీర్తనలు వెయ్యండి, నాకే కావాలి. కానీ డబ్ల్యూసీఏఎల్ వినేవాళ్లలో గుడికి వెళ్లనివాళ్లు ఎంతమందో నాకు తెలుసు, నా ఆఫీసులోనే ఉండేవాళ్లు. సంగీతం కోసం వినేవారు, పోయాక వాళ్లే ఎక్కువ బాధపడ్డారు. చిన్నప్పుడు మనం మాత్రం? విజయవాడ స్టేషన్ అందరిదీ. రాత్రుళ్లు నాన్న షార్ట్‌వేవ్‌లో సీషెల్స్ దీవుల నుంచి వచ్చే ఫీబా రేడియో పట్టడానికి సెట్టు మీద చెయ్యి వేసి నిలబడేవాడు. చెయ్యి తీస్తే గరగర. పక్కింటి శాస్త్రి గారు అరుగు మీద కూర్చుని, "పాట బావుంది, కాస్త పెంచు" అనేవారు.

పిల్లల సంగతి ఒకటి. డబ్ల్యూసీఏఎల్ ప్రయోగశాలలో పిల్లలతో మొదలై చివరికి ఉద్యోగస్తుల స్టేషన్ అయింది. పని నాణ్యంగానే ఉండేది, కానీ కాలేజీకి అది తన పిల్లల గొంతులా కాకుండా ఎవరో అద్దెకున్నవాళ్ల గొంతులా అనిపించి ఉంటుందని నా ఊహ. అదే కాలేజీలో విద్యార్థులు సొంతంగా నడుపుకునే కేఎస్‌టీఓ అనే బుల్లి స్టేషన్ మాత్రం ఇంకా ఉంది. ధర పలకదు కాబట్టి ఎవరూ దాని జోలికి పోలేదు. స్టేషన్ అమ్మేశాక కూడా ఆదివారం కోయిర్ పాటల కార్యక్రమాన్ని కాలేజీ వదల్లేదు, తయారుచేసి ఇతర స్టేషన్లకి పంపుతూ వచ్చింది. అంటే ప్రేమ లేక కాదు. ఆ ప్రేమని కాపాడే కాగితం లేక.

నా వంతు చందా ఎంతో ట్రెజరర్ గారికి విడిగా చెప్పాను, మా బ్యాచ్‌లో మరో ఆరుగురు నాతో పాటు నెలనెలా పంపడానికి సిద్ధంగా ఉన్నారు. తీర్మానం కాపీ, మీటింగు తేదీ, సంతకాలతో ఫొటో తీసి గ్రూపులో పెట్టండి చాలు. ఆ రాత్రే మొదటి నెల డబ్బులు వేస్తాం.

స్టూడియోకి గది కట్టాలని మెసేజ్‌లో ఉంది. కట్టకండి. లాంగ్వేజ్ ల్యాబ్ ఉంది కదా, శబ్దం బయటికి పోకుండా గోడలకి అప్పుడే అట్టలు కొట్టించారు. హెడ్‌ఫోన్లు కూడా అందులోనే ఉన్నాయి, కవర్లు విప్పితే సరిపోతుంది.

ఇట్లు,
మీ పూర్వ విద్యార్థి,
మిన్నెసోటా నుంచి